ఖమ్మం నుంచి డాలస్: రెండు పురుళ్ళు, రెండు దారులు

టికెట్ మీద రాత్రి 9.50కి శంషాబాద్‌లో ఎక్కి మర్నాడు పొద్దున 9.45కి డాలస్‌లో దిగుతామని ఉంది. మా ఆయన కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, "పన్నెండు గంటలేనా! మన తిరుపతి రైలుకీ అంతే పడుతుంది గదా" అన్నారు. ముప్ఫై నాలుగేళ్ళు కరెంటాఫీసులో మీటర్ల లెక్కలు చూసిన మనిషి. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనదాన్ని. ఇలాంటి మాట చెవిన పడితే నోరు మూసుకుని కూర్చోలేను.

ఎక్కే టైము మన గడియారంది, దిగే టైము వాళ్ళ గడియారంది. జూన్ నెలలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనకుంటుంది. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారాలు మార్చుకుంటే అది పదకొండున్నర అవుతుంది, మళ్ళీ మార్చి రెండో ఆదివారం దాకా అంతే. కాబట్టి టికెట్ మీద కనిపించే పన్నెండు గంటలకి పదిన్నర కలపాలి. అంటే 22 గంటల 25 నిమిషాలు. మేం ఖమ్మంలో ఇంటికి తాళం వేసింది మధ్యాహ్నం రెండింటికి, డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో మా అమ్మాయి గుమ్మం ఎక్కింది వాళ్ళ మధ్యాహ్నం పన్నెండింటికి. వేళ్ళ మీద లెక్కపెడితే 32 గంటలన్నర. పిల్లల దగ్గరికి పొయ్యే తల్లిదండ్రులు చూసుకోవాల్సిన లెక్క ఇదీ. టికెట్ అమ్మేవాళ్ళెవరూ ఇది చెప్పరు.

మా అమ్మాయికి ఇద్దరు పిల్లలు. మొదటి పురుటికి 2019 అక్టోబరులో నేనొక్కదాన్నే వెళ్ళాను, అప్పటికి మా ఆయనకి ఇంకా సర్వీసుంది. రెండో పురుటికి 2024 జూన్‌లో ఇద్దరం వెళ్ళాం. మొదటిసారి దారి వేరు, రెండోసారి దారి వేరు. నేను రాస్తున్నది ఆ రెండు దారుల గురించే. మార్కులు వెయ్యకుండా ఉండలేను గాబట్టి నూటికి ఎన్నో కూడా చెప్తాను.

ముందు దూరం సంగతి. మా బడిలో 30 సెంటీమీటర్ల గ్లోబు ఉండేది. దాని మీద సెంటీమీటరుకి సుమారు 425 కిలోమీటర్లు. హైదరాబాద్ మీద దారం కొస నొక్కిపెట్టి, రెండో కొస డాలస్ దాకా బిగించి లాగితే 34 సెంటీమీటర్లు వస్తుంది. అంటే దగ్గరదగ్గర 14,400 కిలోమీటర్లు. భూమ్మీద ఏ రెండు ఊళ్ళ మధ్యైనా దగ్గరి దారిన దూరం 20,000 దాటదు గాబట్టి, ఇది అందులో పదింట ఏడు పాళ్ళకి పైనే. దారం ఎటు పోతుందో చూస్తే ఇంకా సరదా. పిల్లలు అట్లాసు చూసి అమెరికా పడమరనుందంటారు, దారం మాత్రం తిన్నగా ఉత్తరానికి పోతుంది. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు, డాలస్ 97 డిగ్రీల పడమర. రెండూ కలిపితే 175, అంటే ఆ రెండు రేఖాంశాలూ భూమికి దాదాపు ఎదురుబొదురు. అందుకని దారం ఉత్తర ధ్రువాన్ని కొద్దిలో తప్పించుకుని అవతలికి దిగుతుంది. క్లాసులో ఇది చూపిస్తే వెనక బెంచీవాళ్ళు కూడా లేచి ముందుకొచ్చేవాళ్ళు.

ఆ దారం మీద నేరుగా పొయ్యే విమానం మేం వెళ్ళేనాటికి లేదు. అంతదూరం ఆగకుండా ఎగిరే విమానాలు లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు, పద్దెనిమిది గంటలపైన ఒకే ఊపున పోతున్నారు. మనకి మాత్రం ఎక్కడో ఒకచోట దిగక తప్పదు. ఎక్కడ దిగాలి, ఎన్నిసార్లు దిగాలి అన్నదాంట్లోనే ఉంది కష్టమంతా.

మొదటిసారి నేను రెండుచోట్ల దిగాను. యూరప్‌లో ఒక పెద్ద ఊళ్ళో ఒకసారి, అమెరికా తూర్పు ఒడ్డున ఇంకోసారి. శంషాబాద్ నుంచి డాలస్‌కి 31 గంటలు. ఒకే దిగుడు ఉన్న టికెట్‌కన్నా పద్నాలుగు వేలు తక్కువని నేనే పట్టుబట్టి తీయించుకున్నాను. అల్లుడు, "వద్దత్తమ్మా, ఇబ్బంది పడతారు" అంటూనే ఉన్నాడు. యూరప్‌లో ఏడు గంటలు ఇనప కుర్చీలో కూర్చున్నాను. కాఫీ ధర యూరోల్లో చూసి రూపాయల్లోకి మార్చుకుని లేచి వచ్చేశాను. అదేం పెద్ద కష్టం కాదు. అసలు కష్టం అమెరికాలో దిగాక మొదలైంది.

హైదరాబాద్ కౌంటర్లో ఉన్న అబ్బాయి నా రెండు పెట్టెలకీ చీటీలు అంటించి, "డాలస్‌లోనే తీసుకోండి మేడం, మధ్యలో చూసుకోనక్కర్లేదు" అన్నాడు. ఆ సంస్థ పేరెందుకులెండి. అమెరికాలో మామూలు పద్ధతి ఏంటంటే, ఆ దేశంలో మొదట ఏ ఊళ్ళో దిగితే అక్కడే ఇమిగ్రేషన్. అక్కడే మన పెట్టెలు మనం దించుకుని, కస్టమ్స్ దాటించి, అవతల బెల్టు మీద మళ్ళీ వెయ్యాలి. చీటీ మీద డాలస్ అని రాసున్నా సరే. నేను ఆ అబ్బాయి మాట నమ్మి చేతి సంచితో దర్జాగా బయటికి నడిచి తర్వాతి విమానం ఎక్కాను. నా పెట్టెలు అక్కడే బెల్టు మీద తిరుగుతూ ఉండిపోయాయి.

వాటిలో ఏమున్నాయంటే, శొంఠి, వాము, మెంతులు, వెల్లుల్లి కారం, బాలింత కోసం నెల రోజులు ఎండబెట్టి దంచినవన్నీ. అమ్మాయి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున నా చేతిలో చిటికెడు శొంఠి లేదు. అల్లుడు ఇండియన్ స్టోర్‌కి పరుగెత్తి ప్యాకెట్ తెచ్చాడు. వాసన చూస్తే చాక్‌పీసు పొడిలా ఉంది. రెండు రోజుల తర్వాత ఎవరో కారులో తెచ్చి గుమ్మంలో దించిపోయారు పెట్టెల్ని. ఆ ప్రయాణానికి నేను వేసిన మార్కులు 31. పాసుకి 35 కావాలి గాబట్టి ఫెయిలే. మోడరేషన్ కూడా లేదు.

రెండోసారి దుబాయి మీదుగా వెళ్ళాం. మొదట విన్నప్పుడు మా ఆయన, "అమెరికాకి దుబాయి దారేంటే, ఇల్లెందు పోవడానికి మధిర పోయినట్టు" అన్నారు. గ్లోబు దగ్గర కూర్చోబెట్టాను. హైదరాబాద్ నుంచి దుబాయికి 2,550 కిలోమీటర్లు, అక్కడినుంచి డాలస్‌కి 12,900. మొత్తం 15,450. నేరుగా లాగిన దారం కన్నా వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ. పద్నాలుగు వేల మీద వెయ్యి ఎంత! ఆ మాటకొస్తే నా మొదటి దారి కూడా కిలోమీటర్లలో దీనికి పెద్ద తేడా రాదు. తేడా అంతా ఎన్నిసార్లు దిగి ఎక్కామన్నదే. ఒక్కొక్క దిగుడుకీ ఒక తనిఖీ, ఒక పరుగు, ఒక భయం.

శంషాబాద్‌కి మా ఊరినుంచి నాలుగు గంటలు పైనే. సూర్యాపేట మీదుగా వచ్చి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డెక్కితే సిటీలోకి పోనక్కర్లేదు. సాయంత్రం ఆరున్నరకల్లా చేరాం. కౌంటర్ దగ్గర వీల్‌చైర్ల వరస చూస్తే నాకు ఎప్పుడూ నవ్వొస్తుంది. అందులో సగం మందికి మోకాళ్ళు బాగానే ఉంటాయి, ఇంగ్లీషుకే కుర్చీ. తప్పని అననులెండి. కొత్త ఊళ్ళో మనల్ని తోసుకుపోయి సరైన గేటు దగ్గర దింపే మనిషి ఉంటే అంతకన్నా ఏం కావాలి? టికెట్ తీసేటప్పుడే అడగాలి, దానికి డబ్బులు తీసుకోరు. మా ఆయనకి నిజంగానే కుడి మోకాలు నొప్పి. నేను పక్కన నడిచాను.

దుబాయికి మూడుముప్పావు గంటలు. అక్కడ అర్ధరాత్రి దిగాం, లోపల మాత్రం దీపావళి అంగడిలా ఉంది. మళ్ళీ తనిఖీ, తర్వాత చిన్న రైలెక్కి ఇంకో భవనానికి, అమెరికా విమానం గనక గేటు దగ్గర మరోసారి ప్రశ్నలు. మధ్యలో దొరికింది రెండు గంటల పాతిక నిమిషాలు. కుర్చీ తోసిన కుర్రాడిది నేపాల్. అతను లేకపోతే మేం గేటు చేరేవాళ్ళం కాదు. అందుకని నా సలహా: కాళ్ళు బాగున్నవాళ్ళకి రెండున్నర గంటలు చాలు, పెద్దవాళ్ళు ఇద్దరే వెళ్తుంటే మూడు నుంచి నాలుగు గంటల వ్యవధి ఉన్న టికెట్ చూసుకోండి. గంటన్నర వ్యవధి ఉన్నది ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి.

ఇక దుబాయి నుంచి డాలస్‌కి పదహారు గంటల పావు. చదవడానికి ఒక్క అంకె, కూర్చునేటప్పటికి అది ఒక యుగం. మూడు, నాలుగు, మూడు వరస సీట్లు. కిటికీ కావాలని మా ఆయన ముచ్చటపడ్డారు గానీ నేను ఒప్పుకోలేదు. కిటికీ పక్కన ఇరుక్కుంటే లేవాలన్నప్పుడల్లా ఇద్దర్ని లేపాలి, మొహమాటానికి మంచినీళ్ళు తాగడం మానేస్తారు, కాళ్ళు వాస్తాయి. నడుమ నాలుగు సీట్ల వరసలో దారి పక్కవి రెండూ తీసుకున్నాం. మా డాక్టరమ్మ గంటన్నరకోసారి లేచి నడవమంది, బిగుతు మేజోళ్ళు వేసుకోమంది. కదలకుండా కూర్చుంటే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందట. మా ఆయన వెనక వంటగది దాకా నడిచి వచ్చేటప్పుడల్లా ఒక జ్యూసు డబ్బా పట్టుకొచ్చారు. వ్యాయామానికి అదొక ఆశ.

భోజనం సంగతి. ఒకరోజు ముందే శాకాహారం అని చెప్పిపెట్టుకుంటే అందరికన్నా ముందు మన పళ్ళెం వస్తుంది. అదొక్కటే దాని గొప్ప. రాజ్‌మా, చల్లారిన రొట్టె, కొద్దిగా అన్నం. పక్కాయన చికెన్ కూడా చప్పగానే ఉందన్నాడు. తప్పు వంటవాడిది ఒక్కడిదే అనలేం. లోపలి గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత పలచగా ఉంటుంది, తేమ ఉండదు, నాలుక మొద్దుబారుతుంది. నేను తీసుకెళ్ళిన పులిహోర దుబాయి చేరకముందే అయిపోయింది. పచ్చడి సీసా మాత్రం చేతి సంచిలో పెట్టకండి. వంద మిల్లీలీటర్లు దాటిన తడి వస్తువు ఏదైనా తనిఖీలో తీసేస్తారు. మా ముందున్న ఆవిడ గోంగూర సీసా చెత్తబుట్టలో పడేస్తుంటే ఆవిడ మొహం చూడలేకపోయాను.

డబ్బులు పెట్టినందుకు నాకు దక్కిన అసలు వస్తువు ఒకటుంది, దాని గురించి ఎవరూ చెప్పరు. దుబాయిలో చీకట్లో ఎగిరాం. కొన్ని గంటలకి, అందరూ పడుకున్నాక, వెనక తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూశాను. పొద్దు పొడిచింది. మూడు గంటలాగి మళ్ళీ వెళ్ళి చూశాను, సూర్యుడు జానెడు కూడా పైకి రాలేదు. ఇంకో మూడు గంటలయ్యాక కూడా అదే ఏటవాలు ఎండ. తెర మీద విమానం బొమ్మ గ్రీన్‌లాండ్ దగ్గరుంది. భూమధ్యరేఖ దగ్గర భూమి గంటకి 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి తిరుగుతుంది. అరవై డిగ్రీల అక్షాంశం దగ్గర అందులో సగమే, 835. ఇంకా పైకి పోతే ఇంకా తక్కువ. విమానం పడమటికి 900 మీద పోతుంది. అంటే ఆ అక్షాంశాల దగ్గర మేం భూమి తిరగడాన్ని మించి పోతున్నాం. సూర్యుడు ఎక్కడివాడక్కడే నిలబడిపోయాడు. ముప్ఫయ్యేళ్ళు బోర్డు మీద గీసిన బొమ్మని ఆ అద్దంలో కళ్ళారా చూశాను. పన్నెండు గంటలు ఒకటే ఉదయం. అక్కడ డ్యూటీలో ఉన్న మలయాళీ అమ్మాయి, "ఏమైందమ్మా, ఒంట్లో బాగా లేదా?" అని ఇంగ్లీషులో అడిగింది. నాకొచ్చిన ఇంగ్లీషులో పాఠం మొత్తం చెప్పాను. పాపం, విన్నది.

మా ఆయన్ని లేపి చూపించబోతే, "డాలస్ వచ్చాక లేపు" అన్నారు.

డాలస్‌లో ఇమిగ్రేషన్ అధికారి వేలిముద్రలు తీసుకుని ఎందుకొచ్చారు, ఎన్నాళ్ళుంటారు అని అడిగాడు. కూతురి కాన్పు, ఐదు నెలలు అన్నాను. ముద్ర కొట్టాడు. పెట్టెలు అక్కడే వచ్చాయి, ఇంకెక్కడా వెయ్యనక్కర్లేదు. ఒకే దిగుడు ఉన్న దారికి నేను ఎక్కువ మార్కులు వేసింది ఇందుకే.

కస్టమ్స్ దగ్గర తినే వస్తువులున్నాయా అంటే ఉన్నాయన్నాను. ఉన్నవి ఉన్నాయని చెప్పడమే మంచిది, దాస్తే జరిమానా. పెట్టె తెరిచారు. శొంఠి పొడి, వాము, కారాలు, ఆవకాయ, అన్నీ చూసి పక్కన పెట్టాడు, ఇబ్బంది లేదు. అడుగున ఒక న్యూస్ పేపరు పొట్లం తేలింది. నేను కట్టింది కాదు. విప్పితే పచ్చి కరివేపాకు, మా పెరట్లోది. మా ఆయన పైకప్పు వంక చూస్తున్నారు. కరివేపాకు నిమ్మ, నారింజ కుటుంబపు మొక్క. దాని ఆకుల మీదుండే పురుగుతో నారింజ తోటలకి తెగులు పాకుతుందని అక్కడ పచ్చి ఆకు రానివ్వరు. ముందే చెప్పాం గాబట్టి ఆకు పారేసి పంపించాడు. "అమ్మాయికి మన చెట్టు ఆకంటే ఇష్టమని పెట్టా" అన్నారు బయటికొచ్చాక. ఏమనను?

ఈ దారికి 78 మార్కులు. భోజనానికి, దుబాయిలో పరుగుకి, కరివేపాకుకి తగ్గించినవి పోగా. కరివేపాకు విమానం తప్పు కాదు గానీ ప్రయాణంలో భాగమే గదా.

పగలు రాత్రి తారుమారవడం గురించి అందరూ భయపెడతారు. పదిన్నర గంటల తేడా అంటే మనకి అర్ధరాత్రి వాళ్ళకి మధ్యాహ్నం ఒకటిన్నర. నాకు సర్దుకోవడానికి పది రోజులు పట్టింది. మేం దిగిన నాలుగో రోజుకే, చెప్పిన తేదీకన్నా ముందే, కాన్పయింది. పసివాడు రాత్రంతా మేలుకుని పగలంతా పడుకుంటాడు. నాదీ అదే వరస. అమ్మాయి, అల్లుడు హాయిగా నిద్రపోయారు, నేనూ మనవడూ తెల్లవార్లూ కబుర్లు. పురుటికి పొయ్యే అమ్మమ్మలు మాత్రం ఈ తారుమారుకి మందులు వేసుకోకండి, ఇంట్లో అందరికీ లాభం.

తిరుగు ప్రయాణం త్వరగా అవుతుంది. డాలస్ నుంచి దుబాయికి పధ్నాలుగున్నర గంటల్లో చేరాం. పైన పడమటినుంచి తూర్పుకి వీచే గట్టి గాలి ఒకటుంటుంది, జెట్ స్ట్రీమ్ అంటారు. పోయేటప్పుడు అది ఎదురు, వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది. కానీ గడియారంలో ఒక పగలు పోతుంది. పోయేటప్పుడు ఒకే ఉదయాన్ని పన్నెండు గంటలు అనుభవించాం గదా, ఆ అప్పు ఇక్కడ తీర్చాలి.

ధర ఒక్కొక్కరికి రానూపోనూ లక్షా పద్దెనిమిది వేలైంది, మార్చిలో తీశాం. జూన్ సెలవులు గనక ఆలస్యం చేస్తే పెరుగుతుంది. మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు, చేతి సంచి ఏడు కిలోలు. పోయేటప్పుడు ఇంట్లో బస్తా తూకం మీద తూచుకుని పోయాం గాబట్టి సరిగ్గా సరిపోయింది. వచ్చేటప్పుడు అమ్మాయి ఇంట్లో తూకం లేదు. డాలస్ కౌంటర్లో రెండో పెట్టె ఇరవై నాలుగున్నర చూపించింది. అందరూ చూస్తుండగా నేల మీద తెరిచి, కాస్ట్‌కోలో కొన్న బాదంపప్పు పొట్లం బయటికి తీశాం. నేను అల్లుడికి ఇచ్చెయ్యబోయాను. మా ఆయన లాక్కుని, పొట్లం చించి, కోటు జేబులు రెండూ, చొక్కా జేబు, చివరికి కళ్ళజోడు పెట్టె కూడా నింపుకున్నారు. పెట్టె మళ్ళీ తూచితే ఇరవై మూడు. శంషాబాద్‌లో దిగేదాకా ఆయన నడిచిన దారంతా ఒక్కొక్క పప్పూ రాలుతూనే ఉంది.